పిండికట్టు విప్పితే అయిపోదు
విరిగిన ఎముకను అతికించి పంపేస్తే చాలదు, గుల్లబారిన ఎముకలకు కూడా మందు మొదలుపెట్టాలని, పెద్దవాళ్ల ఎముకలు విరగడం గురించిన వ్యాసంలో రాసింది అక్షరాలా నిజం. మా అత్తగారు బాత్రూమ్‌లో జారి చెయ్యి ఆనిస్తే మణికట్టు విరిగింది. పిండికట్టు వేశారు, విప్పారు, అంతే. అంత చిన్న జారుడికే ఎందుకు విరిగిందని ఎవరూ ఆలోచించలేదు. తర్వాత తుంటి విరిగింది. అప్పుడైనా, డిశ్చార్జి కాగితంలో నొప్పి బిళ్లలు, గ్యాస్ బిళ్ల, కాల్షియం! వేరే డాక్టర్‌గారు డెక్సా స్కాన్ (ఎముకల సాంద్రత కొలిచే పరీక్ష) రాస్తే, అందులో వచ్చే టి-స్కోర్ మైనస్ 2.5 కంటే కిందే ఉంది, అంటే ఎముకలు గుల్లబారాయన్నమాట. (నిలబడి ఉండగా పడి తుంటి విరిగితే మందు మొదలుపెట్టడానికి స్కాన్ కోసం ఆగనక్కర్లేదని ఆయనే చెప్పారు.) క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష), విటమిన్ డి చూసి, ఎముకలు గుల్లబారకుండా ఏడాదికోసారి నరానికి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ అనే మందు పెట్టారు. ఆ రాత్రి జ్వరం, ఒళ్లునొప్పులు వచ్చాయి గానీ పారాసెటమాల్‌తో తగ్గాయి. వ్యాసంలో పుత్తూరు కట్టు (పుత్తూరులో విరిగిన ఎముకలకు వేసే నాటువైద్యం కట్టు) ఊసే లేదేమిటి? చేతి ఎముకల సంగతేమో గానీ, తుంటి విరిగిన పెద్దవాళ్లను కారులో పడుకోబెట్టి అక్కడికి తీసుకెళ్లేవాళ్లు ఇంకా ఉన్నారు. తుంటికి వీలైతే ఒకటి రెండు రోజుల్లోనే ఆపరేషన్ చేసి, లేపి నిలబెట్టాలి. మంచానికే అంటిపెట్టుకుంటే ఒంటి మీద పుండ్లు, ఊపిరితిత్తుల్లో నిమ్ము వస్తాయి.