లైవ్ లింక్ పంపితే పిలిచినట్టు కాదు

మొన్న మాఘంలో మా చెల్లి పెళ్లి అయింది. గుంటూరులోనే, అమరావతి రోడ్డులో ఒక ఫంక్షన్ హాల్లో. అప్పటి నుంచీ, రాలేనివాళ్లకి పెళ్లిని నెట్‌లో లైవ్ చూపించే తీరు గురించి రాయాలని ఉంది. పెళ్లి పనుల అలసట తీరాక రాద్దామని ఆగాను, తర్వాత కోపం తగ్గాక రాద్దామని ఆగాను. కోపం తగ్గలేదు, అందుకని రాసేస్తున్నాను. పొడుగైతే ఏమీ అనుకోకండి.

మేం ముగ్గురం ఆడపిల్లలం, నేను నడిమిదాన్ని. అక్క డాలస్‌లో ఉంటుంది, పెళ్లికి రాలేకపోయింది. "అదేంటమ్మా, సొంత చెల్లెలి పెళ్లికి కూడా రాలేదా" అని ఎంతమంది అడిగారో లెక్కలేదు. టికెట్ ఖర్చుకి వెనకాడి కాదు, సెలవు దొరక్క కాదు. పాస్‌పోర్టులో వీసా గడువు అయిపోయింది. ఇక్కడికి వస్తే మళ్లీ హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్‌లో వీసా స్టాంపింగ్ అయితేగానీ తిరిగి వెళ్లడానికి లేదు, ఆ డేటు దొరకలేదు. తెగించి వచ్చేస్తే ఇక్కడ ఎన్ని నెలలు ఇరుక్కుపోతుందో తెలియదు, అక్కడ బావ, ఇద్దరు పిల్లలు, ఉద్యోగం. చివరికి "రావద్దులే తల్లీ" అని అమ్మే చెప్పింది. చెప్పి ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్లింది, చాలాసేపు బయటికి రాలేదు.

కాబట్టి లైవ్ అంటే మా ఇంట్లో సరదా కాదు. అక్క పెళ్లికి రావడమంటే అదే. అమ్మ ముందే పట్టుచీర కొని, తెలిసినవాళ్లు వెళ్తుంటే ఇచ్చి పంపింది. శుక్రవారం మధ్యాహ్నం సెలవు పెట్టి, ఆ చీర కట్టుకుని, పిల్లలకి పట్టులంగాలు వేసి, జడలో పూలు పెట్టి, అక్క టీవీ ముందు కూర్చుంది. అక్కడ పట్టపగలు, ఇక్కడ అర్ధరాత్రి దాటింది.

ఇక తనకి కనిపించింది ఏమిటంటే, ముందు పావుగంట డ్రోన్ షాట్లు. హాలు బయట లైట్లు, కార్ల పార్కింగ్, ఎంట్రన్స్‌లో పూల డెకరేషన్. తర్వాత చెల్లిని మేనమామ బుట్టలో తీసుకొస్తున్నప్పుడు బొమ్మ ఆగిపోయింది. మళ్లీ వచ్చేసరికి తెర పట్టుకుని ఉన్నారు. సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టే సమయానికి మండపం మీదికి ఫొటోలు తీసేవాళ్లు, వీడియో తీసేవాళ్లు, లైట్లు పట్టుకునే కుర్రాళ్లు అందరూ ఎక్కేశారు, లైవ్ కెమెరాకి వాళ్ల వీపులు తప్ప ఏమీ దొరకలేదు. గట్టిమేళం మాత్రం చెవులు పగిలేలా వినిపించిందట, పంతులు గారి మంత్రం ఒక్క ముక్క వినబడలేదు. తలంబ్రాలప్పుడు సినిమా పాట వేశారు. అప్పగింతలప్పుడు ఇంకో పాట వేశారు, అంతే, లైవ్ ఆగిపోయింది. కాపీరైట్ ఉన్న పాటని యూట్యూబ్ పసిగడితే మధ్యలోనే లైవ్‌ని ఆపేయగలదు, లైవ్ పెట్టే ఎవరికైనా ఇది తెలిసి ఉండాల్సిన సంగతి. నాన్న చెల్లి చేతుల్ని పాలల్లో ముంచి అత్తగారి చేతుల్లో పెడుతుంటే, డాలస్‌లో మా అక్క ఒక ఖాళీ బొమ్మని చూస్తూ కూర్చుంది. ఆ టైములో నాకు ఇరవై రెండు సార్లు ఫోన్ చేసింది. నా ఫోన్ విడిది గదిలో బ్యాగులో ఉంది.

ఇది వీడియో వాళ్ల మీద ఫిర్యాదు కాదు. వాళ్లు మాకు ఏం కావాలో అడగలేదు, మేమూ చెప్పలేదు. ప్యాకేజీ కాగితంలో ఆల్బమ్, టీజర్, డ్రోన్, ఎల్ఈడీ స్క్రీన్ అన్నీ రాసి చిట్టచివర 'లైవ్ ఉచితం' అని ఉంటే, మంచిదేగా అనుకున్నాం. డ్రోన్ ఎంతసేపు ఎగరాలో నాన్న బేరం ఆడారు. ఎల్ఈడీ స్క్రీన్ ఎంత వెడల్పు ఉండాలో బాబాయి కొలత చెప్పాడు. లైవ్ ఎవరు చూస్తారు, వాళ్లకి ఏం కనపడాలి, ఏం వినపడాలి అని మా ఇంట్లో ఒక్కళ్లం కూడా, నాతో సహా, ఐదు నిమిషాలు కూర్చుని మాట్లాడుకోలేదు. నా కోపమంతా దాని మీదే.

హాలుకి వచ్చినవాళ్లకి మనం ఎన్ని చేస్తామో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఇంటికి వెళ్లి బొట్టు పెట్టి పిలుస్తాం. గుమ్మం దగ్గర పన్నీరు చల్లడానికి ఇద్దరు పిల్లల్ని నిలబెడతాం. "భోంచేశారా, టోకెన్ ఇచ్చారా, బస్సు దొరుకుతుందా" అని వెంటపడతాం. ఎవరికైనా పలకరింపు తక్కువైతే పదేళ్లు గుర్తుపెట్టుకుంటారని మనకి తెలుసు. అదే మనిషి అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటే ముందురోజు రాత్రి వాట్సాప్ గ్రూపులో ఒక లింక్ పడేసి, 'అందరూ చూసి ఆశీర్వదించగలరు' అని రాసేస్తాం. అది పిలుపా? ఫోన్ చేసి, పేరు పెట్టి, "ఫలానా రోజు ఫలానా టైముకి, నువ్వు రాలేకపోయినా నువ్వున్నట్టే మాకు" అని చెప్పి, ఆ తర్వాత పంపితే అది పిలుపు.

టైము అంటే గుర్తొచ్చింది. మన శుభలేఖల్లో 'శుక్రవారం రాత్రి 2 గం. 14 ని.లకు, తెల్లవారితే శనివారం' అని రాస్తారు కదా. పంచాంగం ప్రకారం సూర్యోదయం దాకా శుక్రవారమే, మనకి అర్థమవుతుంది. దాన్ని మా వాళ్లెవరో గ్రూపులో 'ఫ్రైడే 2.14 ఏఎం ఇండియా టైమ్' అని పెట్టారు. న్యూజెర్సీలో ఉన్న మా పెదనాన్న కొడుకు దాన్ని నమ్మి లెక్క వేసుకుని గురువారం మధ్యాహ్నం సెలవు పెట్టాడు. ఇక్కడ మేం ఇంకా పెళ్లికూతుర్ని చేస్తున్నాం! మర్నాడు మళ్లీ సెలవు ఇవ్వలేదు, అన్నయ్య మా చెల్లి పెళ్లి చూడనేలేదు. అసలు ముహూర్తం న్యూజెర్సీకి శుక్రవారం మధ్యాహ్నం 3.44, డాలస్‌కి 2.44, లండన్‌కి రాత్రి 8.44, సిడ్నీకి శనివారం పొద్దున్న 7.44. ఈ నాలుగు లైన్లు టైప్ చేసి పంపడానికి రెండు నిమిషాలు పట్టదు. వేసవిలో పెళ్లయితే అమెరికా, లండన్ గడియారాలు గంట ముందుకి జరిగి ఉంటాయి కాబట్టి పాత మెసేజ్ కాపీ కొట్టకుండా మళ్లీ చూసుకోవాలి.

దూరం అంటే అమెరికా ఒక్కటే కాదు. మా అమ్మమ్మ తెనాలిలో మా మావయ్య దగ్గర ఉంటుంది. గుంటూరు నుంచి ముప్పై కిలోమీటర్లు ఉండదు. పెళ్లికి నెల ముందు బాత్‌రూమ్‌లో పడింది, తుంటికి ఆపరేషన్, మంచం దిగడానికి లేదు. పెళ్లి రోజు రాత్రంతా మేలుకుని, తోడు ఉన్న పిన్నితో మంచాన్ని టీవీకి ఎదురుగా తిప్పించుకుని, గుప్పెట్లో అక్షింతలు పట్టుకుని కూర్చుందట. ఎప్పుడు వెయ్యాలో తెలియలేదు ఆవిడకి. బొమ్మ ఆగుతోంది, వస్తోంది, ఆగుతోంది. పిన్ని చెప్పింది, చివరికి తెల్లవారాక ఆ అక్షింతల్ని పక్కనున్న పళ్లెంలో పెట్టేసి పడుకుందని. ఈ సంగతి నాకు పదహారు రోజుల పండగ నాడు తెలిసింది. ఇప్పటికీ తలుచుకుంటే ఏదోలా ఉంటుంది.

ఒకప్పుడు ఇంకా కష్టంగా ఉండేది, కాదనను. మా మేనత్త పెళ్లి క్యాసెట్‌ని 1990ల్లో అమెరికాలో ఉన్న చుట్టాలకి పంపితే అక్కడి వీసీఆర్‌లో ఆడలేదు, మన టీవీ, వీడియోల పద్ధతి పాల్ (PAL), వాళ్లది ఎన్‌టీఎస్‌సీ. దాన్ని మార్పించుకుని చూసేసరికి మేనత్తకి బాబు పుట్టాడు. ఇప్పుడు జేబులో ఫోన్ ఉంది, 2022 నుంచి 5జీ వచ్చింది. అయినా మా అక్క చూసింది వీపులు. 2020లో పెళ్లికి యాభై మందికి మించకూడదన్న రోజుల్లో పటమటలో మా స్నేహితురాలి పెళ్లి ఫోన్‌లోనే చూశాను నేను. ఆ రోజు వాళ్ల నాన్నగారు మాటిమాటికీ కెమెరా దగ్గరికి వచ్చి, "అందరూ కనపడుతున్నారమ్మా, బాగున్నారా, మీరంతా వచ్చినట్టే" అని చేతులు జోడించారు. కెమెరా వెనక మేమున్నామని ఆయనకి ప్రతి క్షణం గుర్తుంది. హాళ్లు మళ్లీ నిండాక ఆ గుర్తే పోయింది మనకి.

మొన్న వైశాఖంలో మా మావయ్య కొడుకు పెళ్లి, ఆడపెళ్లివారిది విజయవాడ, పోరంకి వైపు కల్యాణ మండపం. పొద్దున్న 9.38కి ముహూర్తం. ఈసారి నేను ముందే అడిగాను, లైవ్ సంగతి నాకు వదిలెయ్యండి అని. పెద్ద ఖర్చు పెట్టలేదు. మా తమ్ముడు, అంటే బాబాయి కొడుకు, ఇంటర్ చదువుతున్నాడు, వాడికి ఆ రోజు వేరే ఏ పనీ చెప్పొద్దని అందరికీ చెప్పాను. పీటల మీద కూర్చునేవాళ్లకి ఎదురుగా కాకుండా కాస్త పక్కకి, ఎవరూ అడ్డం రాని చోట ఒక స్టాండు, దాని మీద ఒక ఫోన్. వీడియో వాళ్లని బతిమాలి ఆ వైపు ఒక్క అడుగు వదిలించాం, చక్కగా ఒప్పుకున్నారు. పంతులు గారి మైకు సౌండ్ మిక్సర్‌లోకి వెళ్తుంది కదా, అక్కడి నుంచి ఒక వైరు లైవ్‌కి ఇప్పించాం, మంత్రాలు శుభ్రంగా వినపడ్డాయి. నెట్ కోసం హాలు ఆఫీసులో ఉన్న బ్రాడ్‌బ్యాండ్‌ని అడిగి వాడుకున్నాం. ఎందుకంటే ఖాళీ హాల్లో ముందురోజు సిమ్‌తో చూస్తే బ్రహ్మాండంగా వస్తుంది, ముహూర్తానికి ఎనిమిది వందల మంది ఎనిమిది వందల ఫోన్లతో అదే టవర్ మీద పడతారు, అప్పుడు ఎంత 5జీ అయినా నత్తనడకే. చెల్లి పెళ్లిలో మాకు జరిగింది అదే. డౌన్‌లోడ్ ఎంత వస్తోందని కాదు, బొమ్మని ఇక్కడి నుంచి బయటికి పంపే అప్‌లోడ్ ఎంతో చూసుకోవాలి.

లింక్‌ని పబ్లిక్‌గా పెట్టలేదు. లింక్ ఉన్నవాళ్లకి మాత్రమే కనపడేలా అన్‌లిస్టెడ్ పెట్టాం, స్టేటస్‌ల్లో పెట్టొద్దని గట్టిగా చెప్పాం. ఈ మధ్య మంగళస్నానాలు కూడా లోకమంతా చూసేలా లైవ్ పెట్టేస్తున్నారు, తడిబట్టలతో ఉన్న ఆడపిల్లని ఎవడో ముక్కూమొహం తెలియనివాడు కూడా చూస్తాడని ఆలోచించరా? ఎవరైనా బాధపడినా ఇది అనక తప్పదు నాకు.

దాంతోపాటు విడిగా ఒక వాట్సాప్ వీడియో కాల్. యూట్యూబ్ లైవ్ అరనిమిషం దాకా వెనక నడుస్తుంది, అక్కడ గట్టిమేళం వినపడేసరికి ఇక్కడ తాళి కట్టడం అయిపోతుంది. ఆశీర్వదించాల్సిన పెద్దవాళ్లకి అది కుదరదు. అందుకని అమ్మమ్మ, డాలస్ అక్క, ఇంకో ముగ్గురు మాత్రం కాల్‌లో. తమ్ముడు ఆ ఫోన్ పట్టుకుని మండపం పక్కనే నిలబడ్డాడు. జీలకర్ర బెల్లం పెట్టగానే "అమ్మమ్మా, ఇప్పుడు వెయ్యి" అని అరిచాడు. తెనాలిలో ఆవిడ ఫోన్ మీద అక్షింతలు వేసింది, స్క్రీన్ మీద పసుపు బియ్యం పడటం మాకిక్కడ కనిపించింది. పెళ్లికొడుకు తలెత్తి ఆ ఫోన్ వైపు చూసి దణ్ణం పెట్టాడు.

ఆ తర్వాత జరిగింది నేను అనుకోనిది. తంతు అయ్యాక తమ్ముడు ఫోన్ తీసుకుని భోజనాల దగ్గరికి వెళ్లాడు. డాలస్‌లో అర్ధరాత్రి దాటింది, అక్క ఇక పడుకుంటుందేమో అనుకున్నాను. తను పడుకోలేదు. "ఆ మూలన కూర్చున్నది మన బ్రాడీపేట అత్తయ్యేనా, ఎంత చిక్కిపోయింది" అంటుంది. "పెద్దబాబాయి ఎడం చేత్తో తింటున్నాడేంటి, ఏమైంది చేతికి" అంటుంది. ఆయన చెయ్యి విరిగి నెలయిందని హాల్లో ఉన్న నాకే తెలియదు. బంతి చివరిదాకా ఒక్కొక్కళ్ల దగ్గరా ఫోన్ ఆపించి మాట్లాడింది, గోంగూర పచ్చడి దగ్గరగా చూపించమంది, ఏడ్చింది, నవ్వింది. దూరంగా ఉన్నవాళ్లకి కావాల్సింది డ్రోన్‌లో కనిపించే హాలు పైకప్పు కాదండీ. వాళ్ల మనుషులు కావాలి. ఎవరు ముసలివాళ్లయ్యారు, ఎవరి పిల్లలు ఎంత ఎదిగారు, ఎవరు రాలేదు, ఎందుకు రాలేదు. పెళ్లికి వెళ్లి మనం చూసేది కూడా అదే కదా.

మావయ్య ఇంకో మంచి పని చేశాడు. చదివింపులు మైకులో చదువుతారు కదా, ఆ పక్కనే లైవ్‌లో చూస్తున్నవాళ్ల పేర్లూ చదివించాడు. ఊరి పేరు, మనిషి పేరు, వరస. సిడ్నీలో ఉన్న మా పిన్ని కూతురు తన పేరు మైకులో వినపడిన ముక్కని రికార్డ్ చేసుకుని వాళ్లాయనకి పదిసార్లు వినిపించిందట.

చెల్లి పెళ్లి వీడియో మూడు నెలలకి వచ్చింది. అందులోనూ అప్పగింతల మీద పాటే ఉంది. చెల్లి చేతులు వదిలేముందు చెల్లి అత్తగారితో నాన్న ఏదో అన్నారు, అది వినాలని అక్క కోరిక. పాట లేని అసలు రికార్డింగ్ ఉందా అని వీడియో వాళ్లని అడిగితే, డెలివరీ ఇచ్చాక చెరిపేశామండీ అన్నారు. నాన్నని అడిగితే గుర్తు లేదంటారు. నేను పక్కనే ఉన్నాను కానీ ఏడుస్తున్నాను, నాకూ సగమే వినపడింది. ఆ సగమే అక్కకి చెప్పాను.

శ్రావణంలో మళ్లీ ముహూర్తాలు ఉంటాయి. మీ ఇంట్లో పెళ్లి ఉండి, ఫోన్ పట్టుకుని నిలబడే మనిషి దొరక్కపోతే, గుంటూరు, విజయవాడ, తెనాలి చుట్టుపక్కల ఎక్కడైనా సరే నాకు మెసేజ్ పెట్టండి. మా తమ్ముణ్ని పంపిస్తాను. డబ్బులేమీ వద్దు, వాడికి భోజనం పెట్టండి చాలు. వాడికి కాలేజీ లేని రోజైతే తప్పకుండా వస్తాడు.