అసలైన నకిలీ

కామేశ్వరి: ఏమండీ, కొరియర్‌లో మీ చొక్కా గుండీ వచ్చింది. దానికి మూడు పొరల ప్యాకింగ్ దేనికో!

సుబ్బారావు: అయ్యో, ముట్టుకోకు! చేతికి చింతపండు ఉంటుంది! అది గుండీ కాదే, నాణెం. పదిహేడు వందల ఏళ్లనాటిది.

కామేశ్వరి: ఎంత?

సుబ్బారావు: టెట్రికస్ అని, ఇప్పటి ఫ్రాన్స్ వైపు ఏలినాయన. 271 నుంచి 274 దాకా...

కామేశ్వరి: నేనడిగింది ఏళ్లు కాదు.

సుబ్బారావు: ...మూడున్నర వేలు. పోస్టేజీ కాక.

కామేశ్వరి: పోనీ, రాజుగారి నాణెం అంటున్నారు కదా.

సుబ్బారావు: రాజుగారిది కాదు. రాజుగారి నాణెం చూసి ఊళ్లో ఎవరో కొట్టుకున్నది.

కామేశ్వరి: తెలిసి తెలిసి నకిలీ కొన్నారా!

సుబ్బారావు: అప్పట్లో కొట్టినది అనుకరణ. నిన్న కొట్టి పాతదని అంటగడితే అది నకిలీ.

కామేశ్వరి: అంటే మీది అసలైన నకిలీ.

సుబ్బారావు: విను. రోమ్ చక్రవర్తి ఆరేలియన్ 274లో టెట్రికస్‌ను దించేశాడు. తర్వాత అక్కడా బ్రిటన్‌లోనూ చిల్లరకు కటకట. బజారు ఆగదు కదా, రాగి ముక్క దొరికితే చాలు, ఎవరికి వారే నాణేలు కొట్టుకున్నారు.

కామేశ్వరి: చిల్లర లేదని మన కిరాణా కొట్టాయన చాక్లెట్లు చేతిలో పెట్టేవాడు చూడండి, అలాగ.

సుబ్బారావు: (భూతద్దం పక్కన పెట్టి) ఇంత బాగా ఎవరూ చెప్పలేదు నాకు.

కామేశ్వరి: ఇలా ఇవ్వండి అద్దం. తలమీద దువ్వెన గుచ్చుకున్నాడేంటి?

సుబ్బారావు: కిరణాల కిరీటం!

కామేశ్వరి: కన్ను చెంప మీదికి జారింది. వెనకవైపు అగ్గిపుల్లలతో చేసిన మనిషి. చుట్టూ రాసినది చదవండి.

సుబ్బారావు: రాజు పేరు ఉండాలి. ఇక్కడ అన్నీ నిలువు గీతలే. చెక్కినవాడికి అక్షరాలు రావు పాపం. ఆ తడబాటు కోసమే నేను కొనేది. అసలు నాణెంలో రాజు కనిపిస్తాడు, ఇందులో చెక్కినవాడే కనిపిస్తాడు.

కామేశ్వరి: గ్రీకులవి కూడా ఇలాగే తగలేశారా?

సుబ్బారావు: ఇంకా ఘోరం. అలెగ్జాండర్ నాన్న ఫిలిప్ బంగారు నాణెం మీద రెండు గుర్రాల రథం ఉండేది. కెల్టులని అప్పటి యూరప్ తెగలవాళ్లు దాన్ని చూసి కొట్టారు, ఆ కొట్టినదాన్ని చూసి మళ్లీ కొట్టారు. పోనుపోను రథం పోయింది, ఒక గుర్రం పోయింది. ఉన్న గుర్రానికి కాళ్లు ఒకచోట, తల ఒకచోట, మధ్యలో చుక్కలు.

కామేశ్వరి: మా పిన్ని సంక్రాంతికి పుస్తకం చూసి వేసిన నెమలి ముగ్గు! మనవాళ్లు మాత్రం ఇలాంటి పనులు చేయలేదు కదా?

సుబ్బారావు: చేయకపోవడమేం! నల్గొండ జిల్లా అక్కనపల్లిలో రోమన్ వెండి నాణేలు పదిహేను వందల పైచిలుకు దొరికాయి. అగస్టస్, టైబీరియస్ చక్రవర్తులవి. అంత సరుకు వచ్చినచోట చూసి కొట్టేవాళ్లు ఉండరా? బంగారంతోనూ చేశారు, కన్నం పెట్టి మెడలో వేసుకున్నారు. సంగారెడ్డి జిల్లా కొండాపూర్ తవ్వకాల్లో మట్టితో చేసినవి కూడా దొరికాయి.

కామేశ్వరి: మట్టితోనా!

సుబ్బారావు: మట్టితోనే. తాడు ఎక్కించుకోవడానికి కన్నంతో సహా.

కామేశ్వరి: ఉండండి, ఉండండి. బంగారం ఉన్నవాళ్లు బంగారంతో, లేనివాళ్లు మట్టితో. అంటే కాసులపేరు, వన్ గ్రామ్ గోల్డ్ కాసులపేరు.

సుబ్బారావు: మరీ అలా అనకూడదు గానీ...

కామేశ్వరి: మొన్న మీ అక్కగారమ్మాయి పెళ్లికి నేను వన్ గ్రామ్ గోల్డ్ వేసుకుంటే ఏమన్నారు? "నకిలీ సరుకు, తీసేయ్, పరువు పోతుంది." కారులో కూర్చోబెట్టి మరీ తీయించారు!

సుబ్బారావు: అది వేరు, ఇది వేరు.

కామేశ్వరి: ఏం వేరు? నాది అనుకరణ. ఇంకో పదిహేడు వందల ఏళ్లు ఆగితే మీలాంటివాడొకడు పోస్టేజీ కట్టి మరీ తెప్పించుకుంటాడు.

(బయటి నుంచి: "కొత్తిమీరమ్మా! పది రూపాయలు! స్కానరు పనిచేయట్లేదు, చిల్లరే ఇవ్వాలి!")

కామేశ్వరి: ఏమండీ, నా దగ్గర అయిదే ఉంది. చిల్లరుందా?

(సుబ్బారావు గబుక్కున గుప్పిట మూశాడు.)

కామేశ్వరి: చిల్లర లేకే కదా వాళ్లు చేసుకుంది. మనకూ లేదు. ఇలా తెండి.