చందా అడిగారు సరే, మాట కూడా అడగండి

కాలనీ సంఘం మీటింగుకు సీఐ గారు వస్తున్నారని కబురు వస్తే చాలు, కెమెరాల చందా గురించేనని సగం మంది ముందే అనేసుకుంటారు. అనుకున్నట్టే అవుతుంది కూడా. కుర్చీలు వేస్తారు, శాలువా కప్పుతారు, ఒక్కో సీసీ కెమెరా వంద మంది పోలీసులతో సమానం అనే మాట వినిపిస్తుంది (ఏ ఊళ్లో ఏ అధికారి నోట విన్నా అదే వంద, ఎవరు ఎక్కడ లెక్క కట్టారో అడిగినవాళ్లు లేరు), ఇంటికింత అని తేలుతుంది, చప్పట్లు కొడతారు. ఈలోగా వెనక వరసలోంచి ఒకావిడ లేచి, సందు చివర లైటు వెలగక నెలలైందనీ ట్యూషన్ నుంచి పిల్లలు ఆ చీకట్లోనే రావాల్సి వస్తోందనీ చెబితే, "అది మున్సిపాలిటీ వాళ్ల పని అమ్మా" అంటారు. బెల్టు షాపు సంగతి ఎత్తితే అది ఎక్సైజ్ వాళ్లది. టీ ఇస్తారు, ఫొటో దిగుతారు, మరుసటి రోజు మాలాంటి పత్రికల జిల్లా ఎడిషన్‌లో "ప్రజల భాగస్వామ్యంతోనే నేరాల నియంత్రణ" అని వార్త వస్తుంది. అవును, మేమూ వేశాం, చాలాసార్లు వేశాం.

ఆ భాగస్వామ్యం అనే మాట గురించే ఈ రోజు మాట్లాడదాం.

కెమెరాలు వద్దని మేం అనడం లేదు. గొలుసు తెంపుకుపోయినవాడి బండి ఏ దారిన పోయిందో, తప్పిపోయిన పిల్లాడు ఏ బస్సు ఎక్కాడో కెమెరాల వల్లే తెలిసిన కేసులు ప్రతి పోలీస్ స్టేషన్‌లోనూ ఉంటాయి. 2013లో ఉమ్మడి రాష్ట్రంలోనే ప్రజా భద్రతా చట్టం వచ్చింది, జనం పెద్ద సంఖ్యలో వచ్చే దుకాణాలు, హాళ్లు, ఆస్పత్రుల్లాంటి చోట్ల కెమెరాలు తప్పనిసరి అంది. ఆ తర్వాత తెలంగాణలో "నేను సైతం" పేరుతో కాలనీలు, దుకాణదారులు, దాతలు సొంత డబ్బుతో పెట్టినవి ఎన్నో. పోలీసులకు అందుబాటులో ఉన్న కెమెరాలను కేంద్ర హోంశాఖ పరిధిలోని బీపీఆర్‌ అండ్‌ డీ రాష్ట్రాలవారీగా లెక్క కడితే, దేశం మొత్తంలో సగానికి పైగా తెలంగాణలోనే తేలిన ఏళ్లున్నాయి. 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో కమాండ్ కంట్రోల్ సెంటర్ కూడా వచ్చింది. డబ్బు మనది, గోడ మనది, కరెంటు బిల్లు మనది. కానీ ఆ కెమెరా ఏ వైపు చూడాలి, రికార్డు ఎవరు చూడొచ్చు, చెడిపోతే ఎవరు బాగు చేయించాలి అన్నప్పుడు మాత్రం మన మాట ఎవరికీ గుర్తు రాదు. చెడిపోయాక అది కాకుల కోసం పెట్టినట్టు అలాగే వేలాడుతూ ఉంటుంది.

అదీగాక కెమెరా జరిగినదాన్ని చూపిస్తుంది. జరగబోయేదాన్ని పసిగట్టేది మనిషి. 2018 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో ఫోన్లన్నీ ఒకటే మోత, పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠా దిగిందని, అవయవాలు కోసి అమ్ముతున్నారని. ఎక్కడివో వీడియోలు, ఎవరివో శవాల ఫొటోలు. ఆ మే నెలలోనే బీబీనగర్ మండలంలో బంధువుల ఇంటికి వచ్చిన ఓ ఆటో డ్రైవర్‌ను దొంగ అనుకుని కొట్టి చంపారు. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. అదే సమయంలో జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల్లో కూడా అవే వీడియోలు తిరిగాయి, కానీ అక్కడ ఒక్క ప్రాణం పోలేదు.

ఎందుకు పోలేదో తెలుసుకోవాలి. అప్పుడు ఆ రెండు జిల్లాలకూ ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి, సుమారు 400 ఊళ్లను కానిస్టేబుళ్లకు పంచి, మీ ఊళ్లకు మీరే బాధ్యులు, వెళ్లి కూర్చోండి, మాట్లాడండి అని పంపారు. అలా వెళ్లినవాళ్లలో ఒకరు ఓ చిత్రమైన సంగతి పట్టుకొచ్చారు. ఎండాకాలం, ఉక్కపోత, మామూలుగా అయితే ఊరు ఊరంతా వాకిట్లోనో డాబా మీదో మంచాలు వేసుకుని పడుకునే రోజులు, అలాంటిది పొద్దు గూకగానే జనం తలుపులు బిగించుకుని లోపల పడుకుంటున్నారు. ఏంటా అని ఆరా తీస్తే వాట్సాప్ భయం బయటపడింది. ఇది ఎవరూ స్టేషన్‌కు వచ్చి ఇచ్చిన ఫిర్యాదు కాదు, ఏ కెమెరాలోనూ కనపడేది కాదు, డయల్ 100కు ఫోన్ చేసి "మేం ఈ మధ్య ఆరుబయట పడుకోవడం లేదండీ" అని చెప్పేవాడు ఉండడు. ఆ ఊరి రాత్రుళ్లు ఎలా ఉంటాయో తెలిసిన మనిషికి మాత్రమే తేడా తెలుస్తుంది. ఆ తర్వాత పోలీసులు ఊళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తమ నంబర్లు చేర్పించుకున్నారు, డప్పుతో దండోరా వేయించారు, పాటలు కట్టి పాడించారు, సర్పంచులను కూర్చోబెట్టి మాట్లాడారు. అనుమానం వస్తే కొట్టకండి, మాకు చెప్పండి అన్నారు. జనం చెప్పారు కూడా, ఎందుకంటే ఎవరికి చెప్పాలో వాళ్లకు తెలుసు, ఆ మొహం తెలుసు.

మన పట్టణాల్లో ఆ మొహం ఏది? ఒకప్పుడు రాత్రి గస్తీ అంటే ఈల చప్పుడు, లాఠీ టకటక, గోడకున్న పాయింట్ బుక్కులో సంతకం. ఇప్పుడు చాలాచోట్ల బండి మీద వచ్చి క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి వెళ్లిపోతున్నారు. వచ్చారని సర్వర్‌కు తెలుస్తుంది, వీధికి తెలియదు. ఇందులో కానిస్టేబుల్ తప్పేమీ లేదు, అతన్ని ఆడిపోసుకోవడం మా ఉద్దేశం కాదు. వినాయక నిమజ్జనం బందోబస్తుకు అతనే, మంత్రి గారి పర్యటనకు అతనే, పరీక్షా కేంద్రం దగ్గర అతనే, కోర్టుకు ఖైదీని తీసుకెళ్లేదీ అతనే. వారాంతపు సెలవు కాగితం మీదే ఉంటుంది. ఇన్ని అయ్యాక మిగిలిన టైములో "ప్రజలతో మమేకం" కావాలట.

ఎస్‌హెచ్‌ఓ సంగతి సరేసరి. ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరులోనే చెప్పింది, స్టేషన్ అధికారికి కనీసం రెండేళ్లు కదలకుండా ఒకేచోట పనిచేసే అవకాశం ఉండాలని. ఇరవై ఏళ్లు కావస్తోంది. ఎమ్మెల్యే గారి సిఫార్సు లేఖ లేకుండా పోస్టింగ్ రాదని అందరూ బాహాటంగా మాట్లాడుకునే చోట, ఆ అధికారి ఎవరి మాట వింటాడు, లైటు వెలగలేదన్న ఆవిడ మాటా? ఆమె చేతిలో అతని బదిలీ లేదు కదా.

ఇక రెండో వైపు. జనం పాల్గొనడం అంటే అంతా మంచే అనుకుంటే పొరపాటు. కాలనీ సంఘం అంటే మన దగ్గర చాలావరకు సొంత ఇళ్ల మగవాళ్ల సంఘం, అందులోనూ రిటైరైనవాళ్లది. అద్దెకుండేవాళ్లు, హాస్టల్ అమ్మాయిలు, తోపుడు బండి అతను, వాచ్‌మన్ భార్య, కట్టడాల దగ్గర రేకుల షెడ్లలో ఉండే ఒడిశా, బిహార్ కూలీలు ఆ మీటింగులో ఉండరు. ఉండకపోగా, ఆ మీటింగులో అనుమానితుల జాబితా అంతా వాళ్లదే. "కొత్త మొహాలు కనిపిస్తే సమాచారం ఇవ్వండి" అనే మాట వినడానికి బాగానే ఉంటుంది, ఆ కొత్త మొహం మనదైనప్పుడే కష్టం.

తెల్లవారుజామున బస్తీని చుట్టుముట్టి, ఇల్లిల్లూ సోదా చేసి, కాగితాలు లేని బైకులు పట్టుకుపోయే నిర్బంధ తనిఖీలకు ఇప్పుడు "కమ్యూనిటీ కాంటాక్ట్ ప్రోగ్రాం" అని పేరు పెట్టారు. కాంటాక్ట్ అంటే అదా? నిద్రలో ఉన్నవాడి తలుపు కొట్టి ఆధార్ కార్డు అడగడమా? గేటెడ్ కమ్యూనిటీలో ఈ ప్రోగ్రాం జరిగిందన్న వార్త మా విలేకరులు ఇప్పటివరకు ఒక్కటీ పంపలేదు.

పొరుగున తమిళనాడులో ఏం జరిగిందో కూడా చూడాలి. 1993లో రామనాథపురం జిల్లాలో పోలీసులకు సాయపడే మామూలు జనంతో "ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్" అనే వాలంటీర్ల బృందాన్ని మంచి ఉద్దేశంతోనే మొదలుపెట్టారు. తర్వాత అది రాష్ట్రమంతా పాకింది. 2020 జూన్‌లో సాత్తాన్‌కుళంలో పోలీసు కస్టడీలో తండ్రీకొడుకులు చనిపోయినప్పుడు ఈ వాలంటీర్ల మీద కూడా ఆరోపణలు రావడంతో, ఆ తర్వాతి నెలలోనే ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. పోలీసుకు స్నేహితుడు కావడం వేరు, లాఠీ లేని పోలీసు కావడం వేరు. ఆ గీత చెరిగితే పక్కింటివాడే మనకు స్టేషన్ అవుతాడు.

కేరళ పద్ధతి మాకు కాస్త నచ్చింది. 2008లో 20 స్టేషన్లలో మొదలుపెట్టిన "జనమైత్రి"లో బీట్ అధికారికి ఇన్ని ఇళ్లు అని లెక్క ఉంటుంది, సుమారు 500, ప్రతి ఇంట్లో కనీసం ఒక్కరైనా అతనికి తెలిసి ఉండాలి. స్టేషన్ దగ్గర స్థానికుల సమితి కూర్చుని మాట్లాడుతుంది. అక్కడ అంతా స్వర్గం అని కాదు, అక్కడా లాకప్ ఆరోపణలు ఉన్నాయి. కానీ చందా కంటే పరిచయం ముందు అనే వరస సరిగ్గా పెట్టుకున్నారు.

ఆంధ్రప్రదేశ్‌లో అలాంటి అవకాశం చేతిదాకా వచ్చింది. 2019లో గ్రామ, వార్డు సచివాలయాలు పెట్టినప్పుడు దాదాపు 15 వేల సచివాలయాలకూ ఒక్కో మహిళా సంరక్షణ కార్యదర్శి పోస్టు ఇచ్చారు, తర్వాత వాళ్లను మహిళా పోలీసులన్నారు. ఊరికో ఆడమనిషి, పోలీసు శాఖతో సంబంధం ఉన్న మనిషి, ఇంటికి రాగల మనిషి, తాగి కొట్టే మొగుడి గురించి నీళ్ల కుళాయి దగ్గర చెప్పుకోగల మనిషి! ఇంతకన్నా ఏం కావాలి? తీరా వాళ్లను సర్వేలకు, సచివాలయం పనులకు తిప్పి, వాళ్లు ఏ శాఖవాళ్లో వాళ్లకే అర్థం కాకుండా చేశారు. తాళం వేసిన ఇంట్లో పోలీసులే కెమెరా అమర్చి కంట్రోల్ రూమ్‌కు కలిపే ఎల్‌హెచ్‌ఎంఎస్ పద్ధతి కూడా అక్కడిదే. అడిగితే ఉచితంగా పెడతారు. వాడుకునేవాళ్లు తక్కువ, ఎందుకంటే ఊరెళుతున్నామని చెప్పడానికి స్టేషన్ గడప తొక్కాలన్నా ఇప్పటికీ చాలామందికి టెన్షనే.

ఆ భయం పోవాలంటే కెమెరా ముందుగా స్టేషన్ లోపలే పనిచేయాలి. 2020 డిసెంబరులో పరంవీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు, ప్రతి స్టేషన్‌లో లాకప్, వరండా, అధికారుల గదులతో సహా కెమెరాలు ఉండాలని, మాటలు కూడా రికార్డు కావాలని చెప్పింది. ఐదేళ్లు తిరగకముందే, 2025 సెప్టెంబరులో, అవి పనిచేయడం లేదన్న వార్త చూసి కోర్టే మళ్లీ స్వయంగా కేసు చేపట్టాల్సి వచ్చింది. మా వీధి కెమెరా పాడైతే సంఘం అధ్యక్షుడికి ఫోన్ చేసి అడిగే అధికారులు, తమ స్టేషన్ కెమెరా గురించి కూడా అదే మీటింగులో జవాబు చెప్పాలి.

మేం అడిగేది పెద్ద సంస్కరణ కూడా కాదు. నెలకోసారి స్టేషన్‌లో కాదు, వార్డులోనే, సాయంత్రం పూట, అద్దెవాళ్లు, ఆడవాళ్లు, బండ్లవాళ్లు కూడా రాగలిగే వేళలో ఒక మీటింగు పెట్టండి. పక్కన మున్సిపాలిటీ నుంచి ఒకరిని, ఎక్సైజ్ నుంచి ఒకరిని కూర్చోబెట్టండి, అప్పుడు "మాది కాదు" అనడానికి ఉండదు. పోయిన నెల అడిగినవాటిలో ఏవి అయ్యాయి, ఏవి కాలేదు అని మొదటి పది నిమిషాలు చదవండి. శాలువాలు వద్దు. బీట్ కానిస్టేబుల్‌ను బందోబస్తుకు పంపితే ఆ రోజు బీట్ ఎవరిదో చెప్పండి. కెమెరాలకు చందా తీసుకుంటే రసీదు ఇచ్చి, ఎన్ని పెట్టారో, ఎన్ని పనిచేస్తున్నాయో వార్డు ఆఫీసు గోడకు అంటించండి.

గోడ అంటే గుర్తొచ్చింది. ఈ సంపాదకీయం రాసే ముందు మా ఆఫీసు ఉన్న వీధిలో "మీ బీట్ అధికారి" అని పేరు, నంబరు రాసి ఉన్న బోర్డు చూసి ఫోన్ చేశాం. మర్యాదగా మాట్లాడారు. ఆయన రెండేళ్ల కిందటే వేరే జిల్లాకు వెళ్లిపోయారట, ఇప్పటికీ వారానికి ఒకరిద్దరు చేస్తూనే ఉంటారట. ఇప్పుడు ఇక్కడ ఎవరున్నారని అడిగితే, తెలుసుకుని చెబుతానన్నారు, సాయంత్రానికి పేరు, నంబరు మెసేజ్ పెట్టారు.