తూటా ఎంచుకునే ముందు మీ గోడ తట్టి చూడండి

మా ఇంట్లో షాట్‌గన్ ఉందని తెలియగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న, "ఏ కంపెనీది?" అని. అందులో ఏ తూటా వేస్తారని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. తుపాకి గురించి నెలల తరబడి చదివి, తూటా దగ్గరికి వచ్చేసరికి బల్ల మీద ఏ పెట్టె కనిపిస్తే అది తెచ్చుకుంటున్నారు.

మేముండేది టెక్సస్‌లో, డాలస్ శివారులో. మా ఆయన ఉద్యోగం పని మీద వారానికి మూడు రోజులు ఊళ్లో ఉండరు. ఇంట్లో నేనూ, ఇద్దరు పిల్లలూ. కాబట్టి ఈ విషయం నాకు కాలక్షేపం కబురు కాదు.

మనం పుట్టి పెరిగిన ఇళ్లకు ఇటుక గోడలు. ఇక్కడ లోపలి గోడ అంటే నిలువు చెక్కలకు రెండు వైపులా బిగించిన అరంగుళం జిప్సం పలకలు, మధ్యలో ఖాళీ. ఈ ఇంట్లో దిగిన కొత్తలో వేంకటేశ్వర స్వామి పటం తగిలిద్దామని మేకు కొట్టాను. రెండో దెబ్బకే మేకు మొత్తం లోపలికి దిగిపోయింది, తెల్లటి పొడి నా మణికట్టు మీద రాలింది. ఆ గోడకు అవతల మా పాప మంచం. తూటా గురించి నేను ఆలోచించడం ఆ రోజే మొదలైంది.

మా వీధిలో ఉండే ఒక అన్నయ్య ప్రేమగానే చెప్పారు: "బర్డ్‌షాట్ వేసుకో అమ్మా, గోడ దాటదు, పిల్లలకు ప్రమాదం ఉండదు." ఆయన మాట మీద గౌరవం ఉన్నా, ఇది ఒప్పుకోలేను. బర్డ్‌షాట్ అంటే సన్నటి రవ్వలు నింపిన తూటా, పిట్టల వేట కోసం చేసింది. ఏడున్నర నంబరు రవ్వ వ్యాసం అంగుళంలో పదో వంతు కూడా ఉండదు. తూటాల సామర్థ్యాన్ని కొలవడానికి మనిషి కండకు బదులుగా ఎఫ్‌బీఐ వాడే జెలటిన్ దిమ్మలో 12 నుంచి 18 అంగుళాల లోతు వెళ్లాలన్నది ప్రమాణం. ఈ రవ్వలు అందులో సగం దూరం కూడా పోవు. పోనీ గోడ దగ్గరైనా ఆగుతాయా అంటే అదీ లేదు. గది దూరంలో అవి ఇంకా విడిపోకుండా ముద్దగానే వెళ్తాయి, జిప్సం పలకను చీల్చుకుని అవతలికి పోతాయి. మనిషిని ఆపలేనిదీ, గోడ ఆపలేనిదీ తెచ్చిపెట్టుకుని ధైర్యంగా ఉన్నామనుకుంటే ఎలా?

దుకాణంలో అమ్మే అతను ఇంకో కొసకు వెళ్లాడు. మందు ఎక్కువ దట్టించిన మూడంగుళాల మాగ్నమ్ తూటాల పెట్టె నా ముందు పెట్టాడు. ఒకటి కాల్చాను. భుజం మీద నల్లగా కమిలిన మచ్చ వారం రోజులు ఉంది. రెండో తూటా కాల్చే ముందు నా కళ్లు వాటంతట అవే మూసుకున్నాయి. కళ్లు మూసుకునే మనిషి చేతిలో ఎంత బలమైన తూటా ఉంటే అంత ప్రమాదం. స్లగ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఔన్సు బరువున్న ఒంటి సీసపు ముద్ద అది, ఎన్ని గోడలు దాటుతుందో లెక్కపెట్టే పరిస్థితి నాకు రాకూడదు.

నేను చివరికి ఎంచుకున్నది డబల్ ఆట్ బక్‌షాట్, అంటే రవ్వలకు బదులు కొన్ని పెద్ద గుండ్లు ఉండే తూటా. అందులోనూ తక్కువ వేగంతో తన్నుడు తగ్గించి చేసిన రకం, ఎనిమిది గుండ్లది. మామూలుగా తొమ్మిది ఉంటాయి. ఆ తొమ్మిదోది చాలా తుపాకుల్లో గుంపు వదిలి పక్కకు పోతుందని అనుభవజ్ఞులు చెప్తే మొదట నమ్మలేదు. గోధుమరంగు కాగితం చుట్ట తీసుకుని కాల్పుల మైదానానికి వెళ్లాను. మా పడకగది తలుపు నుంచి మెట్ల పైవరకు ఏడు గజాలు. అంతే దూరంలో కాగితం కట్టి, ముందు చవక తూటా కాల్చాను. రంధ్రాలు చిన్న పళ్లెమంత మేర పరుచుకున్నాయి, ఒకటి మాత్రం దూరంగా కాగితం అంచున పడింది. ఆ తర్వాత ఫెడరల్ కంపెనీ వాళ్ల ఫ్లైట్‌కంట్రోల్ వాడ్ (గుండ్లు త్వరగా చెదరకుండా పట్టి ఉంచే లోపలి గిన్నె) ఉన్న తూటా. ఎనిమిది గుండ్లూ నా అరచేతి కింద దాగేంత చోటులో పడ్డాయి. అంచున పడిన ఆ ఒంటి రంధ్రంలో వేలు పెట్టి చాలాసేపు నిలబడ్డాను. ఇంట్లో అయితే అది ఎక్కడికి వెళ్లి ఉండేది?

బక్‌షాట్ కూడా గోడలు దాటుతుంది. మనిషిని ఆపగల తూటా ఏదైనా ఈ జిప్సం గోడను దాటి తీరుతుంది. అందుకే ప్రతి గుండూ గురి మీదే పడేలా చూసుకోవడం తప్ప వేరే దారి లేదు. ఒకరి తుపాకిలో బాగా పనిచేసిన తూటా ఇంకొకరి దాంట్లో చెదిరిపోవచ్చు. మీ తుపాకితో, మీ ఇంటి దూరంలో, కాగితం మీద మీరే చూసుకోవాలి.

2013లో అప్పటి ఉపాధ్యక్షుడు జో బైడెన్, ఏదైనా ఇబ్బంది వస్తే ఇంటి బయటికి రెండుసార్లు కాల్చమని తన భార్యకు చెప్పానన్నారు. దయచేసి ఆ పని చేయకండి. గాలిలోకి కాల్చిన గుండ్లు ఎక్కడో ఒకచోట కిందికి దిగాల్సిందే.

ఇంట్లో 12 గేజ్, 20 గేజ్ తుపాకులు రెండూ ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. గేజ్ అంటే గొట్టం లావు కొలత, 20 గేజ్ సన్నది. 20 గేజ్ తూటా పసుపు రంగులో ఉండటానికి కారణం ఉంది. అది పొరపాటున 12 గేజ్ గొట్టంలోకి జారితే మధ్యలో ఇరుక్కుంటుంది. వెనక ఇంకో తూటా పేలిస్తే గొట్టమే పగిలిపోతుంది. రెండూ ఒకే సొరుగులో పెట్టిన ఇల్లు నేను చూశాను.

హెచ్‌1బి మీద ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప, మీకు తుపాకి మాత్రమే కాదు, తూటా దగ్గర ఉంచుకోవడం కూడా సమాఖ్య చట్టం ప్రకారం నేరం. స్నేహితుడు దాచమన్నాడని పెట్టె తీసుకోకండి. టెక్సస్‌లో 17 ఏళ్లలోపు పిల్లల చేతికి అందేలా నింపిన తుపాకి వదిలేయడం కూడా నేరమే. మాది తాళం పెట్టెలో ఉంటుంది.

రాత్రి ఏదైనా చప్పుడైతే ఏం చేయాలో పిల్లలతో సాధన చేయించాను. ఇద్దరూ నా గదిలోకి రావాలి, నేను తలుపు గడియ పెట్టి 911కి ఫోను చేస్తాను, మంచం వెనక నుంచి కదలం. చీకట్లో ఇల్లంతా వెతుక్కుంటూ తిరిగే పని నాది కాదు. ఆ మంచం వెనక మోకాళ్ల మీద కూర్చుని తలుపు వైపు చూశాను. తలుపుకు సరిగ్గా ఎదురుగా, నడవా అవతల, పాప గది గోడ. ఒకవేళ పాప నా గదిలోకి రాలేకపోతే? మా ఆయన ఊరి నుంచి వచ్చిన రోజే ఇద్దరం కలిసి పాప మంచాన్ని ఆ గోడ దగ్గర నుంచి తీసి, కిటికీ పక్క మూలకు జరిపాం.