వంజంగి మబ్బులకు టికెట్ పెడితే సరిపోదు

డిసెంబరు, జనవరి నెలల్లో శని, ఆదివారాలు వస్తే పాడేరుకు రాత్రి నిద్ర ఉండదు. తెల్లవారుజాము కాకముందే విశాఖ, అనకాపల్లి వైపు నుంచి వచ్చిన కార్లు, బైకులు వరస కట్టి వంజంగి కొండ దారి పడతాయి. కొండ కింద బండి ఆపుకోవడానికి చోటు దొరకదు. దారి పక్కన మ్యాగీ, బ్రెడ్ ఆమ్లెట్, టీ బడ్డీలు. సెల్‌ఫోన్ లైటు పట్టుకుని పైకెక్కుతారు, మబ్బుల మీదికి సూర్యుడు వచ్చేదాకా చలికి వణుకుతూ నిలబడతారు, రీల్ తీసుకుంటారు, టిఫిన్ వేళకి దిగిపోతారు. అక్కణ్నుంచి కొందరు అరకుకు, కొందరు లంబసింగికి. కొండ మీద మిగిలేవి పేపర్ కప్పులు, నీళ్ల సీసాలు, చిప్స్ కవర్లు. అరకు దారిలో పసుపు పచ్చగా పూసిన వలిసె చేలదీ అదే గతి. సెల్ఫీల కోసం తొక్కేస్తుంటే తట్టుకోలేక, లోపలికి అడుగు పెట్టినందుకు మనిషికి ఇంత అని వసూలు చేసుకుంటున్న రైతులున్నారు. నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో సరైన లెక్క తెలిసింది వాళ్లకే.

ఏటా చలికాలంలో ఇవే వార్తలు చదువుతాం. ఘాట్‌లో ట్రాఫిక్ జామ్, కొండ మీద చెత్త, తాగి గొడవ చేసిన కుర్రాళ్లు. పరిష్కారమూ ఏటా ఒకటే: గేటు, టికెట్, పార్కింగ్ ఫీజు, ‘ప్లాస్టిక్ నిషేధం’ అని ఒక బోర్డు. ఒక్కో వ్యూ పాయింట్‌ను విడిగా చూస్తే ఇది సబబుగానే అనిపిస్తుంది. కానీ జనం ఒక్క కొండను చూడటానికి రావడం లేదు. వంజంగిలో కట్టుదిట్టం చేస్తే మాడగడ మబ్బుల దగ్గరికి పోతారు, అక్కడా ఇరుకైతే లంబసింగి పక్కన చెరువులవేనానికి పోతారు. రేపు ఇన్‌స్టాగ్రామ్‌లో ఇంకో కొండ పేరు మోగితే, ఎల్లుండికి అక్కడా అదే రద్దీ. అనంతగిరి నుంచి చింతపల్లి దాకా ఈ కొండల వరస మొత్తాన్ని ఒకే చోటుగా చూసి లెక్క వేయకపోతే, మనం చెత్తను ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి తోలుతున్నట్టే.

అలా ఒకే చోటుగా చూసే వాళ్లెవరు? అడవి అటవీ శాఖది. హరిత రిసార్టులు పర్యాటకాభివృద్ధి సంస్థవి. కాఫీ తోటలు, మిరియాలు, రైతుల సంక్షేమం పాడేరు ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) చూస్తుంది. కాఫీ కొనడానికి జీసీసీ (గిరిజన సహకార సంస్థ) ఉంది. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం వెళ్లే 516ఈ రోడ్డు జాతీయ రహదారుల వాళ్లది. ఆ రోడ్డు విస్తరణతో రేపు ఈ కొండలకు వచ్చే బండ్లు ఎన్ని రెట్లు పెరుగుతాయో ఊహించడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఏ శాఖ పని ఆ శాఖ చేసుకుపోతుంది, ప్లాన్లకు కొదవ లేదు. అన్నిటినీ ఒక బల్ల మీద పరిచి, ఈ కొండలు ఎంతమందిని మోయగలవు, ఎక్కడ ఆపాలి, వచ్చే డబ్బు ఎవరికి పోవాలి అని తేల్చే చోటు మాత్రం లేదు. ఆ బల్ల దగ్గర గ్రామసభకు కుర్చీ ఉండాలి. సలహా చెప్పి లేచిపోయే కుర్చీ కాదు, వద్దంటే పని ఆగిపోయే కుర్చీ.

ఈ మాట అనగానే, గిరిజన ప్రాంత భూములకు కాపలా ఉన్న 1/70 చట్టం గొడవ ముందుకొస్తుంది. 2025 జనవరిలో విశాఖలో జరిగిన పర్యాటక పెట్టుబడుల సదస్సులో, ఏజెన్సీలో టూరిజం పెరగాలంటే ఆ చట్టాన్ని సవరించాలన్న మాట స్పీకర్ అయ్యన్నపాత్రుడి నోట వచ్చింది. ఫిబ్రవరిలో మన్యం బంద్ అయింది. చట్టాన్ని రద్దు చేసే ప్రసక్తే లేదని ముఖ్యమంత్రి చంద్రబాబు చెప్పాల్సి వచ్చింది. అంతటితో ఆ గొడవ సద్దుమణిగింది గానీ, దాని వెనకున్న అపోహ అలాగే ఉంది. 1970లో వచ్చిన 1/70 టూరిజానికి అడ్డం కాదు. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా మాత్రమే అడ్డం. గిరిజనుడు తన భూమిలో హోమ్‌స్టే కట్టుకుంటే ఏ చట్టమూ ఆపదు. పది మంది కలిసి సహకార సంఘం పెట్టి టెంట్లు వేసుకున్నా ఆపదు. ఆపేదల్లా మైదానం నుంచి వచ్చి ఆ భూమి రాయించుకునే వాణ్ని. వాడికి కావాల్సింది టూరిజమా, భూమా అన్నది వేరే ప్రశ్న.

సుప్రీంకోర్టు ఈ సంగతి 1997 జూలైలోనే తేల్చేసింది. అనంతగిరి మండలంలో బొర్రా చుట్టుపక్కల గనుల లీజుల మీద ‘సమత’ అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసు అది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదనీ, ప్రభుత్వ సంస్థకో గిరిజన సహకార సంఘాలకో ఇవ్వొచ్చనీ కోర్టు చెప్పింది. గనుల లాభాల్లో కనీసం 20 శాతం ఆ ప్రాంత ప్రజల అవసరాల కోసం పక్కన పెట్టాలని కూడా అంది. గనికి వర్తించే న్యాయం వ్యూ పాయింట్‌కు ఎందుకు వర్తించకూడదు? మబ్బులు తరిగిపోవు కదా అంటారేమో. దారి అరుగుతుంది, ఊట చెలమ పాడవుతుంది, క్యాంప్ ఫైర్ కోసం కట్టెలు తరుగుతాయి. టికెట్ డబ్బులో ఊరికి ఎంత, ఏ ఖాతాలో పడుతుంది, దాన్ని ఖర్చు పెట్టేదెవరు అన్నది కాగితం మీద లేకుండా ‘స్థానికులకు ఉపాధి’ అంటే, అది పార్కింగ్ రసీదులు చింపే ఉద్యోగం దగ్గరే ఆగిపోతుంది.

మన దగ్గర మంచి నమూనాలు లేకపోలేదు. మారేడుమిల్లిలో అటవీ శాఖ, వన సంరక్షణ సమితులు కలిసి నడిపే కమ్యూనిటీ ఎకో టూరిజం చాలా ఏళ్ల నాటిది. వాలమూరు దగ్గరి జంగిల్ స్టార్ క్యాంపులో ఉన్నవాళ్లకు తెలుసు, అక్కడ వంట, కాపలా, అడవిలో దారి చూపడం చుట్టుపక్కల కొండరెడ్డి గూడేల వాళ్ల పని. బొంగులో చికెన్ ఈ ఏజెన్సీ నుంచే హైదరాబాద్ హోటళ్ల దాకా పాకింది. కానీ వన సంరక్షణ సమితి అంటే గ్రామసభ కాదు. సమితిని పుట్టించింది శాఖ, దాని పగ్గాలూ శాఖ చేతిలోనే. రేంజర్ మంచివాడైతే బాగా నడుస్తుంది, బదిలీ అయితే వాడిపోతుంది. కేరళలోని పెరియార్ పులుల అభయారణ్యం ఇంకో అడుగు ముందుకేసింది. 1996లో మొదలైన ఎకో డెవలప్‌మెంట్ ప్రాజెక్టు కింద, అంతకుముందు అడవిలో దాల్చిన చెక్క బెరడు దొంగతనంగా కొట్టుకొచ్చిన వాళ్లనే ట్రెక్కింగ్ గైడ్లుగా, కాపలాదారులుగా తీసుకున్నారు. కేసులు మాఫీ చేయించుకోవడానికి వచ్చినవాళ్లు ఆ అడవికి కావలివాళ్లయ్యారు. ప్రాజెక్టు డబ్బు ఆగిపోయినా పని ఆగకూడదని 2004లో పెరియార్ ఫౌండేషన్ పెట్టారు. నిధులకు ఒక స్థిరమైన చోటు కల్పించడంలోనే ఉంది తెలివి.

ఇక లెక్క సంగతి. ఊటీ, కొడైకెనాల్‌లలో 2024 మే 7 నుంచి మద్రాస్ హైకోర్టు ఈ-పాస్ తప్పనిసరి చేసింది. మొదట్లో పాస్‌తో ఎవర్నీ ఆపలేదు, ఎన్ని బండ్లు వస్తున్నాయో తెలుసుకున్నారు. కొండలు ఎంత మోయగలవో అధ్యయనం చేసే ఐఐటీ మద్రాస్, ఐఐఎం బెంగళూరు వాళ్లకు ఆ వివరాలు కావాలి మరి. మరుసటి వేసవికి, ఊటీ ఉన్న నీలగిరి జిల్లాకు మామూలు రోజుల్లో 6,000, వారాంతాల్లో 8,000 బండ్లు అని పరిమితి పెట్టారు. వ్యాపారులు గొడవ చేశారు. వాళ్ల బాధా తీసిపారేసేది కాదు. అయినా లెక్క ముందు, పరిమితి తర్వాత అన్న వరస సరైనదే.

మన్యానికి ఇది ఊటీ కన్నా తేలిక. మైదానం నుంచి ఈ కొండలెక్కే ముఖ్యమైన ఘాట్లు వేళ్ల మీద లెక్క పెట్టొచ్చు: శృంగవరపుకోట నుంచి అనంతగిరి ఘాట్, మాడుగుల నుంచి పాడేరు ఘాట్, నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాట్, అటు రంపచోడవరం వైపు మారేడుమిల్లి ఘాట్. దిగే బండ్లలో గంజాయి కోసం ఎలాగూ డిక్కీలు తెరిపిస్తున్నారు. ఎక్కే బండ్లను లెక్క పెట్టడం, నీళ్ల సీసాలు కిందే వదిలించడం అంతకన్నా కష్టమా? మనవాళ్లు వినరు అనే వాదన నాకు ఎక్కదు. అలిపిరి దగ్గర బ్యాగు స్కానింగ్‌లో పెట్టి, రాత్రి గేటు మూసేస్తే కిందే ఆగి, ప్లాస్టిక్ సీసా లేకుండా తిరుమల కొండెక్కేది ఈ మనుషులే. అక్కడ దేవుడి భయం ఉంది, నిజమే. దాంతోపాటు పట్టించుకునే యంత్రాంగం కూడా ఉంది.

విశాఖ నగరం ఈ బల్ల దగ్గర టూరిస్టులా కూర్చోవడం కుదరదు. బొర్రా గుహల్లోంచి పారే గోస్తనీ నది అనంతగిరి కొండల్లో పుట్టి తాటిపూడి రిజర్వాయర్‌కు చేరుతుంది. శారదా నది మీద రైవాడ రిజర్వాయర్ ఉంది. ఈ రెండిటి నీళ్లూ విశాఖ కుళాయిల్లో వస్తాయి. కొండ మీద అడవి పలచబడి మట్టి కొట్టుకొస్తే పూడేది ఈ రిజర్వాయర్లే. కాఫీ తోటల మీద వేసిన నీడ చెట్లను గిరిజన రైతు నరక్కుండా ఉంచుకున్నందుకు విశాఖ ఏమిస్తోంది? కాఫీకి ధర వస్తోంది, 2019లో అరకు అరబికాకు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది, సంతోషమే. నీళ్లకు మాత్రం ధర లేదు. నగర నీటి పన్నులో ఒక చిన్న భాగం ఎగువ పంచాయతీలకు పోవాలని అడిగితే అది దానం కాదు, బాకీ. ఇప్పుడు అనంతగిరి మండలంలోనే, నీళ్లను పైకి తోడి కిందికి వదిలి కరెంటు తీసే పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టుల మీద గ్రామాలు అభ్యంతరం చెబుతున్నాయి. కరెంటు, నీళ్లు, సెలవుల సరదా మూడూ ఒకే కొండల నుంచి కావాలంటే, ఆ మూడిటినీ మూడు వేర్వేరు ఫైళ్లలో నడపడం ఎలా కుదురుతుంది?

పై నుంచి ప్లాన్ రుద్దితే ఏమవుతుందో అమెరికాలో ఒక అనుభవం ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆడిరాండాక్ పార్కు 1892లో ఏర్పడింది. 60 లక్షల ఎకరాల ఆ కొండ ప్రాంతంలో దాదాపు సగం ప్రైవేటు భూమి, లోపల ఊళ్లున్నాయి, జనమున్నారు. 1971లో ఒక ప్రత్యేక సంస్థ పెట్టి, ప్రైవేటు భూముల్లో ఎక్కడ ఏం కట్టొచ్చో నిర్ణయించే అధికారం ఇచ్చారు. అడవి విషయంలో ప్లాన్ మంచిదే. కానీ మమ్మల్ని అడిగిందెవరు అన్న ఊళ్లవాళ్ల కోపం దశాబ్దాల పాటు ఆరలేదు. అక్కడి స్థానికుల చేతిలో చట్టం లేదు. మన దగ్గర ఉంది. 1996 నాటి పెసా (షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీరాజ్‌ను విస్తరించిన చట్టం), 2006 నాటి అటవీ హక్కుల చట్టం గ్రామసభకు ఆ అధికారం ఇచ్చాయి. మన రాష్ట్రంలో పెసా నియమాలు 2011లోనే వచ్చాయి. ఇదే తూర్పు కనుమల్లో, ఒడిశా నియమగిరిలో 2013లో 12 గ్రామసభలు బాక్సైట్ తవ్వకం వద్దంటే ఆగిపోయింది. బాక్సైట్‌ను ఆపగలిగిన గ్రామసభ, క్యాంప్ సైట్ ఎన్ని టెంట్లకు మించకూడదో చెప్పలేదా?

గ్రామసభలు కడిగిన ముత్యాలని నేను అనను. బినామీ పేర్ల మీద టెంట్లు నడిపించేవాళ్లకు సంతకాలు పెడుతున్నది కూడా ఆ ఊళ్ల మనుషులే. ఊళ్లో కుర్రాళ్లకు వారాంతపు రద్దీ అంటే చేతిలో నగదు. వద్దు అనే పెద్దలకూ, రానివ్వండి అనే పిల్లలకూ మధ్య గొడవలు ఉంటాయి. పోర్జ, గదబ, కోదు లాంటి చిన్న తెగల మాట పెద్ద తెగల మధ్య వినపడకపోవచ్చు. అందుకే పంచాయతీకొక సభ కాకుండా, పెసా చెప్పినట్టు గూడెం గూడేనికీ సభ జరగాలి. ఆ గూడేల్లో మొదట వినపడే మాట టూరిజం గురించి కాదనుకుంటాను. వ్యూ పాయింట్‌కు సిమెంటు రోడ్డు పడుతుంది, పక్క కొండ మీది గూడెం నుంచి గర్భిణిని ఇంకా డోలీలోనే మోసుకొస్తున్నారు. ప్లాన్‌లో మొదటి రోడ్డు ఎవరికో తేలకుండా రెండో పేజీ తిప్పడానికి వాళ్లు ఒప్పుకోరు. ఒప్పుకోకూడదు కూడా.

దీనికి కొత్త అథారిటీ, కొత్త భవనం, కొత్త చైర్మన్ అక్కర్లేదు. పాడేరు ఐటీడీఏ ప్రాజెక్టు అధికారి పిలిస్తే అటవీ శాఖ, పర్యాటక సంస్థ, జాతీయ రహదారులు, విశాఖ కార్పొరేషన్ వచ్చి కూర్చోవాలి. ఆ హాజరు తప్పనిసరి అని ప్రభుత్వం ఒక జీవో ఇస్తే చాలు. కొండలు జిల్లా సరిహద్దు దగ్గర ఆగవు కాబట్టి, ఒడిశాలో దేవమాలి కొండ ఉన్న కొరాపుట్ కలెక్టర్‌తోనూ మాట్లాడాల్సి ఉంటుంది. రెండు రాష్ట్రాల మధ్య కొటియా గ్రామాలు ఎవరివన్న తగువు తేలకపోయినా, చెత్త ఎవరు ఎత్తాలన్నది తేల్చుకోవచ్చు. సమావేశం జూలై, ఆగస్టుల్లో పెట్టాలి. వానల్లో టూరిస్టు రద్దీ తక్కువ, గూడేలకు దారులు ఎలా ఉంటాయో అధికారులకు కళ్లారా తెలుస్తుంది. కార్తీకమాసం పిక్నిక్‌లు మొదలయ్యాక పిలిస్తే ఎస్సై, తహసీల్దారు ఘాట్‌లో బండ్లు తప్పించే పనిలో ఉంటారు, ఎవరూ రారు.