ఒక సీను ముందే అరిచాను

ఇంకా గొంతులో గరగర తగ్గలేదు, కాబట్టి ఇది కాస్త చిరాగ్గానే ఉంటుంది, ఏమీ అనుకోకండి.

మొన్న శుక్రవారం, 2025 మే 30న, మహేష్ బాబు సినిమా ఖలేజా రీ రిలీజ్‌కి వెళ్లాను. మర్నాడు మహేష్ నాన్న కృష్ణగారి పుట్టినరోజు కదా, ఆ సందర్భంగా వేశారు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్, సాయంత్రం ఆట. తీసుకెళ్లింది మా అక్క కొడుకు. వాడికి 20 ఏళ్లు, అంటే ఆ సినిమా మొదటిసారి వచ్చిన 2010 అక్టోబర్ 7న వాడికి ఐదేళ్లు, బహుశా ఆ రోజు పలకా బలపంతో తిప్పలు పడుతూ ఉంటాడు. ఇప్పుడు మాత్రం వాడి దృష్టిలో ఖలేజా అంటే వేదం. టికెట్లు తీస్తూ, "మామా, నువ్వు అప్పుడు థియేటర్‌లో చూశావా?" అని అడిగాడు.

"చూడటమేంట్రా, మూడుసార్లు చూశాను. ఊరంతా పోయింది పోయింది అంటుంటే, ఇది పదేళ్ల తర్వాత గానీ జనానికి అర్థం కాదు అని నేను అప్పుడే చెప్పాను" అన్నాను.

పచ్చి అబద్ధం. చూసింది ఒక్కసారి, అదీ సగం. ఇంటర్వెల్‌లో బయటికొచ్చి, ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ "బొమ్మ పోయిందిరా" అని తీర్పు చెప్పేసి, నేనూ నా రూమ్మేటూ తార్నాక బస్సెక్కేశాం. ఇందులో నా తప్పొక్కటే లేదు. మహేష్ బాబు అతిథి తర్వాత మూడేళ్లు తెర మీద కనిపించలేదు. పైగా దర్శకుడు త్రివిక్రమ్, అంటే మళ్లీ 'అతడు' లాంటిది తీసుంటారని అందరం ఎవరికి తోచింది వాళ్లు ఊహించుకుని వెళ్లాం. తీరా చూస్తే హీరో టాక్సీ డ్రైవరు, రాజస్థాన్ ఎడారి, ఎక్కడో ఒక ఊళ్లో జనం పిట్టల్లా రాలిపోతుంటే వాళ్లందరూ ఇతన్నే దేవుడంటారు, ఇతనేమో నేను కాదు మొర్రో అంటాడు. అప్పుడు మాకూ అదే అనిపించింది, ఇది మేమనుకున్నది కాదు మొర్రో అని. వారం ముందు రోబో, వారం తర్వాత బృందావనం, ఆ రెండింటి మధ్య ఇది తిరనాళ్లలో తప్పిపోయిన పిల్లాడిలా నిలబడింది. పాపం, పేరుకి కూడా తగాదా వచ్చి, ఆఖరికి 'మహేష్ ఖలేజా' అని వేసుకోవాల్సి వచ్చింది.

ఆ తర్వాత దాన్ని బతికించింది టీవీ. ఆదివారం మధ్యాహ్నం పప్పుచారుతో భోంచేసి సోఫాలో ఒరిగితే, ఏదో ఒక ఛానెల్లో అదే. అలా చూస్తూ చూస్తూ, ఎప్పుడు జరిగిందో తెలియకుండానే అందరికీ నచ్చేసింది. ఇప్పుడు ఎవర్ని కదిపినా "నాకు ఫస్ట్ డేనే నచ్చింది బాస్" అంటాడు. ఇంతమందికి ఫస్ట్ డేనే నచ్చి ఉంటే అప్పుడు ఆ నిర్మాతకు నష్టాలెందుకు వచ్చాయి? సరే, నేనూ ఆ గుంపులోవాడినే కాబట్టి ఎక్కువ మాట్లాడను.

గేటు దగ్గర సెక్యూరిటీ నా సంచి తెరిచాడు. లోపల ఒక స్టీలు నీళ్ల సీసా, ఒక పల్లీ పట్టి ప్యాకెట్. రెండూ తీసి బల్ల మీద పెట్టేశాడు. "బయటి ఫుడ్ నడవదు సార్." నీళ్లు ఫుడ్ ఎలా అవుతాయి బాబూ అని నేను అడుగుతుండగానే, నా పక్క నుంచి నలుగురు కుర్రాళ్లు ఒక గోనె సంచీ నిండా కత్తిరించిన పేపర్ ముక్కలు మోసుకుంటూ లోపలికి వెళ్లిపోయారు. వాళ్లనెందుకు ఆపలేదంటే, "అవి ఫుడ్ కాదు కద సార్" అన్నాడు. ఈ మాట గుర్తు పెట్టుకోండి. అన్నట్టు, అదే రోజు విజయవాడలో ఒక అభిమాని సినిమాలో హీరోలాగా బతికున్న పామునే చేత్తో పట్టుకుని థియేటర్లోకి వెళ్లాడని తర్వాత వార్తల్లో చూశాను. అక్కడ పాము వెళ్లింది. ఇక్కడ నా సీసా వెళ్లలేదు.

లోపల సంగతి చెప్పక్కర్లేదు. టైటిల్స్ పడ్డప్పటి నుంచి ఎవరూ కూర్చోలేదు. ఇక డైలాగులైతే హీరో నోరు తెరవకముందే హాలంతా చెప్పేస్తోంది. దీనికో లెక్కుంది. మరీ ముందు అంటే పిచ్చోడంటారు, హీరోతో పాటు అంటే అందులో గొప్పేముంది, సరిగ్గా అర సెకను ముందు పడాలి. మా వాడు అందులో నిపుణుడు. ప్రతి డైలాగూ అందుకుని, అయ్యాక నావైపు చూస్తున్నాడు. ఆ చూపులో "మూడుసార్లు చూశానన్నావుగా, ఏదీ, ఒక్కటి వదులు" అని ఉంది. ఉందని నాకనిపించింది.

నాకూ వచ్చు. టీవీలో పాతికసార్లు చూసినవాడికి రాకేం? నాకు బాగా ఇష్టమైన డైలాగ్ ఒకటి ఉంది, అది ఇంటర్వెల్ లోపే వస్తుంది. హీరో వెనక్కి తిరుగుతాడు, వెంటనే అంటాడు. తిరగడం, అనడం. అన్న తర్వాత బట్టల సబ్బు ప్రకటన. ఇదంతా నాకు కంఠతా వచ్చు. కాబట్టి హీరో వెనక్కి తిరగ్గానే, 42 ఏళ్ల మనిషిని, మోకాలు నొప్పికి రోజూ నూనె రాసుకునేవాణ్ని, కుర్చీ మీదికెక్కి చెయ్యి పైకెత్తి, స్టాపు లేని చోట బస్సు ఆపే గొంతుతో ఆ డైలాగ్ అరిచాను.

ఇక్కడ ఒక చిన్న విషయం. నేను చూసే ఛానెల్ వాళ్లు సబ్బు ప్రకటనకి చోటు కోసం సినిమాని కత్తిరిస్తారు. హీరో తిరగడానికీ ఆ మాట అనడానికీ మధ్య అసలు సినిమాలో ఇంకా బోలెడు ఉంది. ఆ సంగతి పదిహేనేళ్లుగా నాకు తెలియదు. ఆ బోలెడులో ఎవరూ మాట్లాడరు. సినిమా అంతా వాయించిన మణిశర్మగారు కూడా సరిగ్గా అక్కడే, నాకోసమే అన్నట్టు, ఊరుకున్నారు. హాల్లో అన్ని వందలమంది, ఆ క్షణంలో ఒక్కరు కూడా అరవలేదు. నా గొంతు ఒక్కటే వెళ్లి, ముందు గోడకి తగిలి, మెల్లగా మళ్లీ నా దగ్గరికే వచ్చింది.

వెనక నుంచి ఎవరో, చాలా మర్యాదగా, "అంకుల్, ఇంకా రాలే" అన్నారు.

ఇంకొకడు, "అంకుల్ ఫార్వర్డ్ కొట్టిండు రా" అన్నాడు.

అంకుల్ అన్నందుకు కాదు గానీ, పోనీ అంకుల్ అన్నందుకే అనుకోండి, ఏదో సర్దిచెబుదామని వెనక్కి తిరిగి నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే బాల్కనీలో ఉన్న ఆ గోనె సంచీ బృందానికి, ఇలా ఒంటరిగా అరిచినవాణ్ని సన్మానించాలని బుద్ధి పుట్టింది. రెండు దోసిళ్ల పేపర్ నా నెత్తిన పోశారు. సగం నెత్తిన. మిగతాది తెరిచి ఉన్న నోట్లోకి.

మా రోజుల్లో పాత న్యూస్‌పేపర్లు కత్తెరతో కత్తిరించేవాళ్లు. మెత్తగా ఉండేవి, నోట్లో పడ్డా నానిపోయేవి, మహా అయితే నాలుక్కి కాస్త సిరా అంటేది. ఇప్పుడు ఆఫీసుల్లో కాగితాలు ముక్కలు చేసే మిషన్ ఉంటుందే, దాంట్లోంచి వచ్చిన సన్నటి పొడవాటి పీలికలు తెస్తున్నారు. తెల్లటి మందపాటి కాగితం, అచ్చం వేయించని సేమియాలా ఉంటుంది. ఒకటి గొంతులో అడ్డం పడితే దాని వెనకే మిగతావన్నీ క్యూ కడతాయి. ఒక పీలిక నాలుక మీద అతుక్కుపోయింది, లాగి చూస్తే దాని మీద 'అమౌంట్ డ్యూ' అని ఉంది. అంకె మాత్రం లేదు, అది మింగేసినట్టున్నాను.

దగ్గు మొదలైంది. మామూలు దగ్గు కాదు, ఒక తాళంలో వచ్చే దగ్గు, అందుకే వెనక వరసవాళ్లు అది కూడా సంబరమే అనుకుని దానికి తగ్గట్టు చప్పట్లు కొట్టారు. నేను కుర్చీ దిగి వంగి దగ్గుతుండగా, పైన తెర మీద అసలు డైలాగ్ వచ్చింది. హాలు దద్దరిల్లింది. మా వాడు అర సెకను ముందే అందుకున్నాడు, నా వీపు మీద చరుస్తూనే.

బయటికి తీసుకొచ్చాడు. వరండాలో సెక్యూరిటీ బల్ల, బల్ల మీద నా సీసా, మూత తీసి ఉంది. పల్లీ పట్టి ప్యాకెట్ అయితే లేనే లేదు.

"నీళ్లు..." అన్నాను.

"క్యాంటీన్‌ల దొరుకుతయి సార్, యాభై."

"అది నా సీసా."

"టోకెన్ ఉందా సార్?"

టోకెన్ ఎవరిచ్చారు? మూత మీద మా అమ్మాయి అంటించిన సీతాకోకచిలుక స్టిక్కర్ చూపించాను. "స్టిక్కర్లు అందరు పెడతరు సార్, షో అయినంక రండి, సార్‌ని అడిగి ఇస్తం" అన్నాడు. ఆ సార్ ఎవరో, ఎక్కడుంటాడో ఎవరికీ తెలియదు. ఇంతలో లోపల ఏదో పాట మొదలైంది. మా వాడు తలుపు వైపు చూశాడు, నా వైపు చూశాడు, మళ్లీ తలుపు వైపు చూశాడు.

"మామా, నువ్వు కాసేపు కూర్చో. ఒక్కటి అడగనా? నిజంగా మూడుసార్లు చూశావా?"

దగ్గు వల్ల మాట్లాడలేను కాబట్టి తల ఊపాను, అవుననో కాదనో తెలియకుండా. వాడు లోపలికి వెళ్లిపోయాడు. నాకు మళ్లీ వెళ్లే ముఖం లేదు, ఆ వరస మొత్తం నన్ను గుర్తు పడుతుంది. 2010లో కనీసం ఇంటర్వెల్ దాకా అయినా ఉన్నాను.

యాభై రూపాయలిచ్చి నీళ్లు కొనుక్కున్నాను. టికెట్ల యాప్‌లో ఎవరూ నొక్కకుండానే చేరిపోయిన పాప్‌కార్న్ కాంబో గురించి అడిగితే, అది సీటు దగ్గరికే వస్తుందన్నారు. సీటు దగ్గరికి వచ్చే ఉంటుంది.

ఇవాళ పొద్దున మా అక్క ఫోన్ చేసింది. "ఏరా, ఇంట్లో తిండి పెట్టడం లేదా? పేపర్లు తిన్నావంట?"