సున్నా నంబరు ఫ్లాటు

మా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్కలన్నీ సెక్రటరీ గారి లాంగ్ నోట్‌బుక్‌లోనే ఉండేవి. ఎండాకాలం వచ్చి నీళ్ల ట్యాంకర్లు మొదలయ్యేసరికి ఆయనకు బీపీ పెరిగి, మూడో అంతస్తు సాఫ్ట్‌వేర్ అబ్బాయిని పట్టుకున్నారు.

"బాబూ, నెలాఖరుకి బిల్లులు వచ్చేలా ఏదైనా చేసిపెట్టు."

"తప్పకుండా అంకుల్. ముందు ఆర్కిటెక్చర్ డిజైన్ చేస్తాను."

నెలాఖరు వచ్చింది. బిల్లు రాలేదు. లాగిన్ పేజీ మాత్రం వచ్చింది, డార్క్ మోడ్‌తో సహా. పదివేల అపార్ట్‌మెంట్లు ఒకేసారి వాడినా సర్వర్ తట్టుకుంటుందట. ఆలు లేదు చూలు లేదు! చిన్నచిన్న వేగాల గొడవ నూటికి 97 సార్లు మర్చిపొమ్మని కంప్యూటర్ శాస్త్రవేత్త డోనాల్డ్ క్నూత్ గారు 1974లోనే రాశారు. మావాడు మిగతా మూడూ తనవే అనుకున్నట్టున్నాడు.

చివరికి ఇంజినీరింగ్ చదువుతున్న వాళ్ల చెల్లెలు ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుని, ఒకే ఫైల్లో పని కానిచ్చేసింది. చూడ్డానికి దరిద్రంగా ఉంది, నిజమే. వేరియబుల్స్ పేర్లు ఏ, బీ, బీటూ, ఫైనల్, ఫైనల్‌టూ. లెక్కంతా పైసల్లో. మధ్యలో ఎక్కడో 'ఫ్లాట్ నంబరు సున్నా అయితే వదిలెయ్' అని ఒక లైను, ఎందుకో చెప్పే కామెంట్ లేకుండా. అయితేనేం, బిల్లులన్నీ పైసా తేడా లేకుండా వచ్చాయి. సెక్రటరీ గారు నోట్‌బుక్‌ని అటక ఎక్కించారు.

అన్నగారికి మాత్రం నిద్ర పట్టలేదు. "ఇదీ ఒక కోడేనా?" అంటూ, మరుసటి నెల బిల్లులు వెళ్లాల్సిన ముందురాత్రి రీఫాక్టరింగ్‌కి దిగాడు. అంటే పైకి వచ్చే ఫలితం మారకుండా లోపలి కోడ్‌ను సర్దడం. మారలేదని తేల్చడానికి టెస్టులుండాలి. "లాజిక్ ముట్టుకోవట్లేదుగా, టెస్టులెందుకు?" అన్నాడట. పైసలు నామోషీగా అనిపించి దశాంశాల్లో రూపాయలు చేశాడు. కంప్యూటర్ దశాంశాల్ని ఉజ్జాయింపుగా దాచుకునే ఫ్లోట్‌లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుందని కాలేజీలో చదివే ఉంటాడు, పరీక్షకి. పనిలో పనిగా ఆ సున్నా లైను కూడా పీకేశాడు. సున్నా నంబరు ఫ్లాటు ఎక్కడైనా ఉంటుందా అని.

ఉంది. వాచ్‌మన్ గది.

పొద్దున్నే వాచ్‌మన్ కాగితం పట్టుకుని సెక్రటరీ గారి గుమ్మం ముందు నిలబడ్డాడు. 2350.0000000000005 రూపాయలు. మధ్యలో చుక్క అతని కంటికి ఆనలేదు.

"ఊళ్లో పొలం అమ్మినా ఇన్ని సున్నాలు రావు సార్!"